పెద్దమ్మ చెప్పిన రెండో సాక్ష్యం

మొన్న గురువారం స్కూల్ల మూడో పీరియడ్ పాఠం చెప్తుంటే మా పెద్దమ్మ కొడుకు, అన్న ఫోన్ చేసిండు. "చెల్లె, అమ్మ పోయింది" అన్నడు. నెల రోజులుగా ఆ మాటకే భయపడుతున్న. అయినా "ఎవరి అమ్మ?" అని అడిగిన.

సాయంత్రానికి చర్చి గ్రూపుల పెద్దమ్మ ఫోటో పెట్టి, ప్రభువునందు నిద్రించిందని రాసిండ్రు. కింద ఎవరో "ధైర్యంగల విశ్వాసి" అన్నరు. పెద్దమ్మ అది చదివితే ఊరుకునేది కాదు. "నాకాడ ధైర్యమేడిది? తీసెయ్యమను" అనేది.

ఆమె మా అమ్మకు అక్క. ఇబ్రహీంపట్నం బస్టాండ్ బయట చాన ఏండ్లు ఆకుకూరలు అమ్మింది. మీలో ఎవరన్న ఆమె దగ్గర కొని ఉంటే గుర్తుపడ్తరు. మీరు అడగకముందే "పాలకూర నిన్నటిది బిడ్డా, తోటకూర తీస్కపో" అని చెప్పేది. పక్కన కూసొని అమ్మేటామె తల కొట్టుకునేది. "నీ బేరం చెడగొట్టుకుంటే చెడగొట్టుకో. నిన్ను జూసి నన్ను గూడ నిన్నటిదా అని అడుగుతున్నరు."

భయం మాత్రం ఆమెకు చిన్నప్పటి నుంచి ఉన్నదే. ఇంటికి తాళమేసి గల్లీ చివరిదాక పోయి, మళ్ల వెనక్కొచ్చి గుంజి చూసేది. అన్న బండి మీద రావిర్యాలకు డ్యూటీకి పోతే, చేరిన్నని ఫోన్ చేసేదాక చాయ్ ముట్టకపోయేది. చర్చిల సాక్ష్యాలు చెప్పే టైంల ఒక్కొక్కరు లేచి, దేవుడు నా భయమంత తీసేసిండు అని చెప్తుంటే, ఈమె లేచి "నాకింక పోలే. ప్రార్థన చేయుండ్రి" అని కూసునేది. అందరు నవ్వేటోళ్లు. ఎందుకట్ల చెప్తవని నేనొకసారి అడిగిన.

"ఆయనకు తెల్వదా? దేవుని ముంగట గూడ నటించాల్నా?" అన్నది.

పోయినేడు ఆమెకు కడుపునొప్పి మొదలైంది. సిటీల పెద్ద దవాఖానకు తీస్కపోయినం. రిపోర్టు నేనే చదివిన. క్యాన్సర్. అప్పటికే కాలేయం దాక పాకింది. అన్న నన్ను మెట్ల కాడికి తీస్కపోయి చెయ్యి పట్టుకున్నడు.

"అమ్మకు చెప్పకు. తాళం గురించే అంత భయపడే మనిషి, ఇది తెలిస్తే భయానికే పోతది. పుండు అని చెప్పు. నువ్వు చదువుకున్నదానివి, నువ్వు చెప్తే నమ్ముతది."

బస్సు బొంగులూరు దాటినంక పెద్దమ్మ అడిగింది. "ఏమని రాసిండ్రు బిడ్డా?"

నేను కిటికీ దిక్కు చూసుకుంట చెప్పిన. "కడుపుల పుండు. మందులతోని తగ్గుతది."

"నిజమేనా?"

"అవ్."

నమ్మింది. నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. బస్టాండ్ వచ్చేదాక నేను కదలకుండ కూసున్న.

ఆదివారం చర్చిల ఆమె లేచి నిలబడ్డది. "పెద్ద రోగమేమో అని వణికిపోయిన. పుండే అంట. దేవుడు నన్ను కాపాడిండు. ఈసారి నా భయం పోయింది" అన్నది. అందరు చప్పట్లు కొట్టిండ్రు. నేను పక్కనే కూసున్న. నా నోటి అబద్ధం ఆమె నోట్ల స్తుతి అయ్యింది. బైబిల్ తెరిచి పేజీలు తిప్పిన గానీ ఒక్క అక్షరం కనబడలే.

మంగళవారం పొద్దుగాల అన్నకు చెప్పకుండ పోయిన. ఆమె గుమ్మం ముంగట గోంగూర కట్టలు కడుతున్నది.

"పెద్దమ్మా, నేను అబద్ధం చెప్పిన" అని, ఉన్నదంత చెప్పేసిన.

దారం చుట్టే చెయ్యి ఆగింది.

"మరి ఆదివారం అంతమంది ముంగట నేను చెప్పిందో?" అన్నది.

ఏడ్చిన. ఆమె నన్ను ఓదార్చలే. "పో బిడ్డా. జరసేపు నన్ను ఒక్కదాన్నే ఉండనియ్యి."

అన్నకు తెలిసి నా మీద మండిపడ్డడు. "అమ్మకేమన్నయితే నీదే పాపం" అన్నడు. నేను రోజుకు పదిసార్లు పెద్దమ్మకు ఫోన్ చేసిన. ఎత్తలే. మళ్ల ఆదివారం దాక ఆ గండం ఎట్ల గడిచిందో నాకే తెలుసు.

ఆ ఆదివారం ఆమె లేచింది. ముంగటి బెంచి పట్టుకొని నిలబడ్డది.

"పోయిన వారం నేను చెప్పింది తప్పు. నాకు క్యాన్సర్. చెప్పిన పిల్ల భయపడి అట్ల చెప్పింది, దాన్ని ఏమనకుండ్రి. నాకు మస్తు భయమైతుంది. ఇంటికి రాండ్రి. నన్ను ఒక్కదాన్నే ఉంచకుండ్రి."

ఎవ్వరు చప్పట్లు కొట్టలే. ముంగటి బెంచిలున్న ముసలామె లేచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నది. ఆ రోజు నుంచి ఆ ఇంటికి ఎవరో ఒకరు రాని రోజు లేదు. బస్టాండ్ కాడ తల కొట్టుకునే ఆమె గూడ, బేరం అయిపోంగనె, బొట్టు చెమటకు కరిగిపోతుంటే అట్లనే వచ్చి కాళ్లు పిసికేది. ఒకరోజు పెద్దమ్మ అన్నను పిలిచి "నీకు గూడ భయమైంది గదరా, ముందే చెప్పొద్దా?" అంటే, అంత పెద్ద మనిషి ఆమె ఒడిల తల పెట్టి ఏడ్చిండు. ఆ తర్వాతనే నాతోని మళ్ల మాట్లాడిండు.

చివరికి ఆమె భయం పోయిందని రాస్తే మీకు నచ్చుతది. కానీ పోలే. నేను చేసింది మంచిదేనా అని నాకిప్పటికీ గట్టిగ తెల్వదు. బస్సుల నా భుజం మీద పోయిన నిద్రే ఆమెకు ఆఖరి మంచి నిద్రేమో, దాన్ని నేనే గుంజుకున్ననేమో అని ఒక్కోసారి గుబులైతది.

ఆమె కన్నుమూసే ముందు వారం స్కూలు అయినంక ఇంటికి పోయిన. మంచంల మనిషి ఉన్నదా లేదా అన్నట్టున్నది.

"భయమైతుందా పెద్దమ్మా?"

"అవ్. నీకు?"

"అవ్" అన్న.

నా మొఖం దిక్కు చూసింది. గోడకు చెయ్యి ఆనించి, ఊపిరి బిగబట్టి, మెల్లగ గోడ దిక్కు జరిగింది. మంచం మీద నాకు జాగ అయ్యింది.