దావీదు కోసం వేసిన కుర్చీ

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మంట. మా వీధిలో ఎవరికి జ్వరం వచ్చినా గాలి సోకిందనేవారు. ఎవరి గేదె పాలు ఎగ్గొట్టినా దిష్టి అనేవారు. "ఆ గాలేదో నాకు సోకమనండి చూద్దాం" అని మొహం మీదే అనేవాణ్ణి. ఇప్పటికీ అంటాను. కాబట్టి ఇది చదివి ముసలాడికి చాదస్తం పట్టిందని ఎవరూ అనుకోవద్దు. చూసింది చూసినట్టు రాస్తున్నాను, అంతే.

వైజాగులో ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. దానికి కావలసిన సామాను ఓడల్లో వచ్చేది. ఆ సరుకు దించే ఒక ప్రైవేటు కంపెనీలో నేను ఫోర్‌మేన్ని. మా చెల్లెలు నూకాలు మొగుడు సన్యాసిరావు అక్కడే క్రేన్ డ్రైవరు. ఒకర్నొకరం బావా అనే పిలుచుకునేవాళ్లం.

మా పని ఎలా సాగేదో చెప్పకపోతే తర్వాత సంగతి అర్థం కాదు. సరుకుండే గోతిలో, ఓడ అడుగున, నేనుంటాను. ఇనప గొట్టాల కట్టలకి వైరు తాళ్లు బిగించే కూలీలు నా కింద. మా బావ గట్టు మీద, క్రేన్ గదిలో, ఎక్కడో పైన. గోతిలో ఏం జరుగుతోందో అతనికి కనపడదు. ఇద్దరికీ మధ్య గోతి అంచున సిగ్నల్‌మేన్ నిలబడతాడు. అతను చెయ్యెత్తితే బరువు ఎత్తాలి, పిడికిలి బిగిస్తే ఆపాలి. ఆ హోరులో నోటి మాటకి విలువ లేదు. మా సిగ్నల్‌మేన్ దావీదు. జ్ఞానాపురం మనిషి, ఆదివారం ప్రార్థన మానడు, నోట్లో నాలుక లేనివాడు. పదకొండేళ్లు మా బావ అతని చెయ్యి చూసే క్రేన్ నడిపాడు.

నాకూ దావీదుకీ మధ్య ఇంకో సైగ ఉండేది. తాడు సరిగ్గా పడలేదు, విప్పి మళ్లీ కట్టమని అతను పిడికిలి బిగిస్తే పైనున్న సూపర్‌వైజరు చూస్తాడు, ఫోర్‌మేన్ వల్ల ఆలస్యం అని పుస్తకంలో రాస్తాడు. ఆ రాత తప్పించుకోడానికి నేనే ఓ ఉపాయం పెట్టాను. తాడు బాగాలేకపోతే దావీదు క్రేన్‌కి వీపు పెట్టి, పొట్ట దగ్గర ఎడమ చిటికెన వేలు పట్టుకుని మెలితిప్పుతాడు. అది గోతిలో ఉన్న నాకు తప్ప పైన ఎవరికీ కనపడదు. నేను గుట్టుగా తాడు సరిచేయిస్తాను. పర్లేదనుకుంటే తొడ మీద రెండుసార్లు చరుస్తాను. అప్పుడతను డ్రైవరుకి చెయ్యెత్తుతాడు. ఇదీ మా దొంగ ఏర్పాటు. అప్పట్లో దానికి నేను తెగ మురిసిపోయేవాణ్ణి.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల ముందు, గొట్టాల కట్ట గోతి అంచు దాటుతూ జారింది. దావీదు మీద పడింది. ఆసుపత్రి దాకా కూడా వెళ్లలేదు, అక్కడే పోయాడు.

విచారణలో డ్రైవరు కుదుపుతో ఎత్తాడని తేల్చారు. మా బావకి మెమో ఇచ్చారు. నన్నడిగితే "కింద కట్టడం బాగానే కట్టాం" అన్నాను. అబద్ధం. దావీదు ఆరోజు రెండుసార్లు వేలు తిప్పాడు. నాకు ఆకలేస్తోంది, ఆ కట్టతో పూట పని అయిపోతుంది. రెండుసార్లూ తొడ చరిచాను.

ఇది నేనెవరికీ చెప్పలేదు. మా ఆవిడకి కూడా. కూలీలు చూడలేదు. బరువు లేచేముందు వాళ్లు పక్కకి, డెక్కు కిందకి తప్పుకోవాలి, అది రూలు.

ఆ తర్వాత మా బావ క్రేన్ ఎక్కలేదు. నిచ్చెన దాకా వెళ్లేవాడు, మొదటి మెట్టు పట్టుకునేవాడు, వదిలేసి వచ్చేసేవాడు. ఇంటికొచ్చి కంచరపాలెంలో వాళ్ల అరుగు మీద గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. "నా సేత్తో నానే సంపేసేను" అని నూకాలుతో ఒక్కసారన్నాడట. నూకాలు దర్గాకి తీసుకెళ్లింది, తాయెత్తు కట్టించింది, చినవాల్తేరు పిచ్చాసుపత్రి పేరెత్తగానే ఏడ్చింది. నేను సాయంత్రాలు వెళ్లి ఆ అరుగు మీదే టీ తాగి, "మగాడివేనా బావా" అని వెక్కిరించి వచ్చేవాణ్ణి. తప్పు చేసింది నేను, పిరికివాడని పేరు అతనికి. అలాంటి మనిషిని నేను.

ఎనిమిది నెలలయ్యాయి. ఇంకో నెలలో డాక్టర్లు చూసి పనికి రాడంటే ఉద్యోగం ఊడుతుంది, కంపెనీ ఇచ్చిన ఇల్లు కూడా పోతుంది. ఈలోగా మా పర్సనెల్ ఆఫీసరుకి కొత్త పిచ్చి పట్టింది. మనసు బాగుంటే పని బాగుంటుందట. ఎక్కడినుంచో ఒక గెడ్డం సారుని పిలిపించి, భీమిలిలో ఓ గెస్ట్ హౌసులో మూడు రోజుల క్యాంపు పెట్టాడు. మా బావ తప్పకుండా రావాలన్నారు. ఆ సారు రిపోర్టు మీదే అతని బతుకు తేలుతుంది. ఒంటరిగా పంపడానికి నూకాలు ఒప్పుకోలేదు గనక తోడుగా నేను.

ఆ క్యాంపు సంబరం ఏం చెప్పమంటారు! ఖద్దరు లాల్చీ, భుజాన సంచీ, ఆ సారు నోట రెండు మాటలకోసారి 'ఫీలింగ్స్'. మొదటి రోజు కళ్లు మూసుకుని వెనక్కి పడమన్నాడు, వెనకున్నవాడు పట్టుకుంటాడట, దాంతో నమ్మకం పెరుగుతుందట. స్టోర్స్ గుమాస్తా పడ్డాడు, పట్టుకోవలసినవాడు బీడీ వెలిగిస్తున్నాడు. నడుం పట్టేసింది, నమ్మకం మాత్రం పెరగలేదు. తర్వాత మీ జీవితాన్ని చెట్టులా బొమ్మ గియ్యమన్నాడు. యాభై ఏళ్లు నిండిన మేస్త్రీలు రంగు పెన్సిళ్లు పట్టుకుని కూర్చున్నారు. ఒకర్నొకరు కౌగిలించుకోమంటే నేను బయటికెళ్లి సముద్రం వైపు నిలబడ్డాను. ఇదంతా చదువుకున్నవాళ్ల భూతవైద్యం. వేపమండలు లేవు, అంతే తేడా.

రెండో రోజు మధ్యాహ్నం, భోజనాలయ్యాక, కుర్చీ ఆట. కుర్చీలు రెండే. మిగతా పన్నెండు మందిమి కింద చాపల మీద. ఒక కుర్చీలో మా బావని కూర్చోబెట్టి, ఎదురుగా ఖాళీ కుర్చీ వేశాడు.

"అందులో దావీదు ఉన్నాడనుకో. మనసులో ఉన్నది చెప్పెయ్. తర్వాత నువ్వే ఆ కుర్చీలోకి మారి దావీదులా జవాబు చెప్పు," అన్నాడు సారు.

చచ్చినవాణ్ణి పిలిచి కుర్చీ వెయ్యడమేమిటని నాకు ఒళ్లు మండింది. నేను ఆ ఖాళీ కుర్చీకి రెండడుగుల దూరంలో చాప మీదున్నాను. లేచిపోదామనుకున్నాను గానీ బావ నా వైపు చూశాడని ఆగాను.

మా బావ చివరికి "దావీదూ, నన్ను సెమించరా" అన్నాడు. గుడ్లనీళ్లు కుక్కుకున్నాడు. సారు చప్పట్లు కొట్టేంత సంబరపడిపోయి, కుర్చీ మారమని చెయ్యి చూపించాడు.

బావ లేచి ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఏడుపు ఆగిపోయింది. కాళ్లు రెండూ ఎడంగా పెట్టి ముందుకి వంగాడు. పైనుంచి కిందకి నన్నే చూస్తున్నాడు. చేతులు రెండూ పొట్ట దగ్గరికి వచ్చాయి. ఎడమ చిటికెన వేలు పట్టుకుని మెలితిప్పాడు.

ఏదో యాదృచ్ఛికం, భయం వేస్తే ఎవరైనా వేళ్లు నలుపుకుంటారు అనుకున్నాను. ఆగాడు. నా జవాబు కోసం చూస్తున్నట్టు ఆగాడు. మళ్లీ తిప్పాడు. నేను కదల్లేదు. అప్పుడు తన తొడ మీద తనే, మెల్లగా, రెండుసార్లు చరుచుకున్నాడు. తర్వాత కుడి చెయ్యి పైకెత్తాడు.

గదిలో గాలి చల్లబడలేదు. తలుపు కొట్టుకోలేదు. ఫ్యాను మామూలుగానే తిరుగుతోంది. ఎవరో దగ్గారు. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

సారు ఇదంతా తన పుస్తకంలో రాసుకున్నాడు. సాయంత్రం నేనడిగితే చదివి వినిపించాడు కూడా: చిటికెన వేలు రెండుసార్లు, తొడ రెండుసార్లు, కుడి చెయ్యి పైకి. కాబట్టి నేనొక్కణ్ణే చూశాననే మాట లేదు. వేలు తిప్పడానికి అతను చెప్పిన అర్థమేమిటంటే, చిన్నప్పుడు తల్లిపాలు త్వరగా మాన్పించారట! ఇలాంటి ఆలోచనకి జీతమిచ్చి తెప్పించుకున్నారు మా వాళ్లు. పైగా ఈ మనిషి ఎత్తు మీద పనికి తగడు, ఆసుపత్రికి పంపాలని రిపోర్టు రాసేశాడు. తెల్లారి ఆఫీసుకి పంపుతానన్నాడు.

బావని పక్కకి పిలిచి, ఆ కుర్చీలో చేతులతో ఏం చేశావని అడిగాను.

"నానేటి సేసాను బావా? కూకున్నాను, లెగిసాను. సారు జవాబు సెప్పమన్నాడు, నాకేటీ రాలేదు," అన్నాడు. అతనికి అబద్ధమాడటం చేతకాదు. వేలు సైగ ఎప్పుడైనా దావీదు నీకు చెప్పాడా అని అడిగాను. ఏ సైగ అన్నాడు. ఒకవేళ చెప్పాడే అనుకుందాం. కానీ ఆరోజు వేలు రెండుసార్లు తిప్పినట్టు, నేను తొడ చరిచినట్టు చెప్పడానికి దావీదు బతికి లేడు కదా.

తెల్లారగట్ల పడవలు లాగే చోటికి బావని తీసుకెళ్లి మొత్తం చెప్పేశాను. వేలు సైగ, నా ఆకలి, విచారణలో ఆడిన అబద్ధం, అన్నీ. మొదలెట్టాక మధ్యలో ఆగలేదు.

కొడతాడనుకున్నాను. కొట్టలేదు. "ఎనిమిది నెల్లు నా అరుగు మీద కూకుని టీ తాగినావు. ఇంకెన్నాళ్లు సూద్దావనుకున్నావు?" అన్నాడు. బావా అనలేదు. నడుచుకుంటూ బస్సు దగ్గరికి పోయాడు.

నేను ఆరోజే ఆఫీసుకెళ్లి కాగితం రాసిచ్చాను. ఫోర్‌మేన్ పని ఊడింది, నాలుగు మెట్లు దింపి కూలీల్లో కలిపారు. బావ మెమో రద్దయింది, సారు రిపోర్టు పక్కన పెట్టి ఇంకోసారి క్రేన్ ఎక్కి చూడమన్నారు. గెడ్డం సారు మాత్రం తన కుర్చీ వల్లే నిజం బయటపడిందని ఆఫీసరు గదిలో టీ తాగుతూ చెప్పుకున్నాడట. చెప్పుకోనివ్వండి. అతనికి ఆ కుర్చీలో జరిగింది ఏమిటో ఈ జన్మకి తెలీదు. నాకూ తెలీదనుకోండి, కానీ నేను దానికి బిల్లు వెయ్యలేదు.

నూకాలు నా మొహం మీద తలుపేసింది. మూడు వారాల తర్వాత బావ క్రేన్ నిచ్చెన ఎక్కాడు. కింద ఉన్నవాళ్లమందరం పని ఆపి చూశాం. సగంలో ఒకసారి ఆగాడు. మళ్లీ ఎక్కాడు. కానీ పైకెక్కాక పని మొదలెట్టలేదు. సూపర్‌వైజరు అరిస్తే కిందకి కబురు పంపాడు. సిగ్నల్‌కి నన్ను నిలబెడితేనే బరువు ఎత్తుతాడట.

నిలబడ్డాను. అదే గోతి అంచు. ఇంట్లో మాటల్లేవు, పండక్కి పిలుపు లేదు, దారిలో ఎదురైతే తల తిప్పుకునేవాడు. ఓడ మీద మాత్రం ఆరేళ్లు నా చెయ్యి తప్ప ఇంకెవరి చెయ్యీ చూడలేదు. టన్నుల బరువు నా నెత్తిమీద నుంచి రోజుకి వందసార్లు వెళ్లేది. ఒక్కసారీ కుదుపు లేదు.

వేలు సంగతి ఆ కుర్చీలో అతని చేతుల్లోకి ఎలా వచ్చిందో నేను చెప్పలేను. అంతా తెలిసాక కూడా మనిషి నా చెయ్యినే ఎందుకు నమ్మాడో అదీ చెప్పలేను. దయ్యాల సంగతైతే ఇప్పటికీ ఒక్క మాటతో కొట్టిపారేస్తాను. ఈ రెండోది మాత్రం ఎన్నిసార్లు ప్రయత్నించినా నా వల్ల కాలేదు.