గోడ మీద భాయ్

మా ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపులో మిషన్ సంగతులన్నీ తెలిసింది ఒక్కరికే. ఆయన్ని అందరం భాయ్ అంటాం. ఆయన తమ్ముడి నికా కేసముద్రంలో కుదిరింది. ఎప్పుడు ఏ పెళ్లికి వెళ్లినా ముద్ద నోట్లో పెట్టుకునేలోపు షాపు నుంచి ఫోన్. తమ్ముడి పెళ్లినైనా నిమ్మళంగా చూడాలని ఆయన ఆశ.

"మిషన్ సంగతులన్నీ నేను రాసి పెడతా భాయ్" అన్నాను. నాకు డిగ్రీ లేదు, కానీ హనుమకొండ గ్రంథాలయంలో నేను చెయ్యి పెట్టని అలమర లేదు. ముందుమాట, విషయసూచిక, రంగుల పుట్టుపూర్వోత్తరాలతో ఏకంగా పుస్తకమే తయారుచేశాను.

రఘునాథపల్లి నుంచి వచ్చే రెండో ఆపరేటర్ పేజీలు తిరగేశాడు. "అక్కా, దీనికి పరీక్ష ఎప్పుడు?"

నాలుగు రోజులకే దాని మీద మిర్చి బజ్జీల నూనె మరకలు కనిపించాయి.

ఆ సాయంత్రం గ్రంథాలయంలో అలమరల దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను. గుమ్మం పక్కన ఏటవాలు బల్ల మీద పరిచిన పేపర్ చుట్టూ మాత్రం మనుషులు గుమిగూడి, ఒకరి భుజం మీదుగా ఒకరు చదువుతున్నారు. నిలబడ్డచోట కళ్ల ముందుంటే అందరూ చదువుతారు!

మర్నాడు భాయ్‌ని అడిగాను, ఫోన్లో ఏం అడుగుతారని.

"గీతలొస్తున్నయి, రంగు పడ్తలేదు, రోల్ వంకర పోతాంది. తిప్పితిప్పి ఇవే, చెల్లె."

గోడ మీద పెట్టే ఫ్లెక్స్ కోసం ఆయన జవాబులు ఆయన మాటల్లోనే టైపు చేశాను. ఆపరేటర్ పెదవి విరిచాడు. "మన ఊళ్ల ఫొటో లేని ఫ్లెక్స్ ఎవరు చూస్తరక్కా?"

అలా మా మిషన్ మీదే, దండం పెడుతున్న భాయ్ ఫొటోతో నిలువెత్తు ఫ్లెక్స్ కొట్టి, మిషన్ పక్క గోడకు బిగించాం. "గీతలొస్తున్నయా? ముందు రంగు చిమ్మే హెడ్ తుడువు. మళ్ల టెస్ట్ కొట్టు. అప్పటికీ పోకుంటేనే ఫోన్ చెయ్యి."

భాయ్ తన ఫొటో వంక చూశాడు. "నన్ను ఎలక్షన్ల నిలబెట్టిన్రా?"

నికా రోజు పొద్దున్నే గీతలొచ్చాయి. ఆపరేటర్ చెయ్యి జేబులోని ఫోన్ మీదికి పోయింది, చూపు గోడ మీదికి పోయింది. పైకి చదువుతూ హెడ్ తుడిచాడు. బ్యానర్ అద్దంలా వచ్చింది.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. భాయే.

"మిషన్ బందైందా?"

"నడుస్తాంది భాయ్."

"మరి ఒక్కరన్న ఫోన్ చేస్తలేరేంది? నాకు ఫికరైతాంది."

వెనక నుంచి ఆపరేటర్ కేకేశాడు. "మీరు ఈడనే గోడ మీదున్నరు గదా భాయ్. ఆడ బిర్యానీ తినుండ్రి."

అవతల ఎవరో పెళ్లికొడుకు పక్కన ఫొటోకి రమ్మని ఆయన్ని పిలుస్తున్నారు. భాయ్ ఇంకో మాట అడగకుండానే ఫోన్ పెట్టేశాడు.