ఉట్టి మీది సగం రొట్టె

మా ఆయన నాయనమ్మను ఇంట్లో అందరం బాపమ్మ అనేవాళ్ళం. నా కూతురు పుట్టిన నెలలో ఆమె నేతవాళ్ళ ఊరి నుంచి ఒక్కతే బస్సెక్కి వచ్చింది. అమీర్‌పేటలో దిగి, మా అద్దె ఇల్లు ఎక్కడని అడుగుతూ గల్లీలోకి నడిచింది. తల మీద మూట, చంకలో జొన్నల సంచి. ఆమె వయసెంతో ఎవరికీ తెలియదు. అడిగితే, "రైలు మా దిక్కు కొత్తగొచ్చినప్పుడు సూడబోయిన. అప్పటికి నా లగ్గమై రెండేండ్లు," అని చెప్పింది. కాలేజీలో చదివిన చరిత్రంతా గుర్తు తెచ్చుకుని లెక్క వేశాను. ఎటు చూసినా ఎనభైకి తగ్గలేదు.

ఆ ఎనభై ఏళ్ళ మనిషి నేనిచ్చిన మంచినీళ్ళు కూడా తాగకుండానే బావి దగ్గరికి వెళ్ళి తాడు లాగి చూసింది. "గీ చాంతాడు చీకిపోయింది. మార్పియ్యున్రి," అంది.

మా అమ్మ నాకు మూడేళ్ళప్పుడు పోయింది. అప్పటికి ఆమెకు ఇరవై నాలుగు. ఆమె ముఖం నాకు గుర్తులేదు. నా కూతురు పుట్టేనాటికి నాకు ఇరవై మూడు. ఈ లెక్కను నేను ఎవరికీ చెప్పలేదు కానీ, పిల్లకు పాలిస్తున్నప్పుడల్లా అదే లోపల తిరిగేది. పిల్ల నిద్రపోయాక ఇది రాస్తున్న ఈ రాత్రికి నాకు ఇరవై అయిదు నడుస్తోంది. అయినా ఆ భయం పూర్తిగా వదల్లేదు. అందుకే బాపమ్మ వచ్చిన రోజు నుంచీ ఆమె మీద నుంచి కళ్ళు తిప్పుకోలేకపోయాను. ఈమెకు తెలిసిందేదో నాకూ తెలియాలి. నా పాత కాలేజీ నోటుబుక్కులో కొన్ని ఖాళీ కాగితాలు మిగిలాయి. ఆమె ఎప్పుడు లేస్తుంది, ఏం తింటుంది, ఎలా కూర్చుంటుంది, అన్నీ వాటిలో రాయడం మొదలుపెట్టాను.

కోడి కూయకముందే లేచేది. రాగి చెంబులోని నీళ్ళు తాగి, వేపపుల్ల నములుతూ వాకిట్లో ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచేది. ఊరికే నడవడం కాదు. కుడిచెయ్యి ముందుకు చాచి, గాలిని దువ్వుతున్నట్టు మెల్లగా లాక్కుంటూ నడిచేది. మొదటి రోజు చూసి భయపడి మా ఆయనను లేపాను. ఆయన నవ్వాడు. ఊళ్ళో పొద్దున్నే వీధి పొడవునా మగ్గానికి ఎక్కించబోయే పడుగు నూలు చాచి, గంజి పట్టించి, అది ఆరేలోగా కుంచెతో దువ్వుతారట. ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్ళీ వెనక్కి. అరవై ఏళ్ళు ఆమె చేసిన పని అది. ఇక్కడ పడుగూ లేదు, కుంచే లేదు. నడక మాత్రం ఆగలేదు.

"ఎన్నిసార్లు తిరుగుతవు బాపమ్మా?" అని అడిగాను.

"నూలు ఆరేదాంక."

"ఇక్కడ నూలేది?"

"నీకు కనవడ్తలేదా? సదివితె కండ్లు పోతయంటే నమ్మకపోతి, నిజమే ఉన్నది!"

మా ఆయన ఆఫీసుకు బయలుదేరితే పంజాగుట్ట బండల దాకా ఆమె కూడా నడిచేది. మనవడు సైకిలెక్కకుండా నడిపించుకుంటూ ఆమె పక్కన పోయేవాడు. ఒకరోజు పిల్లను చంకనెత్తుకుని నేనూ వెంట వెళ్ళాను. ఎత్తు మొదలయ్యేసరికి నాకు ఊపిరి ఆడలేదు. ఒక రాతి మీద కూలబడ్డాను. బాపమ్మ పైదాకా వెళ్ళి మనవణ్ణి సాగనంపి తిరిగి వచ్చింది. నా గుండె చప్పుడు నాకే వినిపిస్తోంది. ఆమె నా ముందు ఒంటికాలి మీద నిలబడి, దేన్నీ పట్టుకోకుండా, రెండో పాదం పైకెత్తి అందులో గుచ్చుకున్న తుమ్మముల్లు తీసి పారేసింది. గుళ్ళో తలుపు తెరిచినప్పుడు నిలబడిపోతామే, అలా ఉండిపోయాను.

గోడకు వీపు ఆనించి ఆమె కూర్చోవడం ఎప్పుడూ చూడలేదు. పొద్దున జొన్న అంబలి. మధ్యాహ్నం రొట్టె, పుంటికూర. ప్రపంచ యుద్ధం రోజులు, బియ్యం దొరకడమే కష్టంగా ఉండేది కాబట్టి ఇంట్లో అందరిదీ అదే తిండి. పొద్దు గూకకముందు ఆమె ఒక రొట్టె తీసుకుని సగానికి విరిచేది. ఒక సగాన్ని చాలాసేపు నమిలి తినేది. రెండో సగాన్ని గుడ్డలో చుట్టి ఉట్టి మీద పెట్టేది. తెల్లారి దాన్ని మజ్జిగలో నానబెట్టి మనవడికి ఇచ్చేది.

ఆ సగం రొట్టె సంగతి రాసి కింద రెండు గీతలు గీశాను. కాలేజీలో ఒకసారి ఒక డాక్టరమ్మ వచ్చి, రాత్రి కడుపు సగం ఖాళీగా ఉంచుకునేవాళ్ళు ఎక్కువ కాలం బతుకుతారని చెప్పింది. బడి ముఖం చూడని బాపమ్మ, డాక్టరీ చదివిన ఆవిడ, ఇద్దరూ ఒకే చోటికి చేరారు. ఇంక నాకు అనుమానం ఏముంటుంది? ఆ సాయంత్రం నుంచే నేనూ రొట్టెను సగానికి విరిచాను. నా సగాన్ని వేరే గుడ్డలో చుట్టి ఉట్టి మీద పెట్టి, పొద్దున్నే ఎవరూ చూడకముందు గల్లీలో ఆవుకు పెట్టేదాన్ని. అప్పటికి పిల్లకు అయిదు నెలలు.

మొదట్లో ఒళ్ళు తేలికైనట్టు అనిపించింది. ఆయుష్షు పెరుగుతోందనుకున్నాను. రెండు మూడు వారాలకు పిల్ల రొమ్ము వదిలాక కూడా ఏడవడం మొదలుపెట్టింది. పళ్ళు వస్తున్నాయేమో అనుకున్నాను. దిష్టి తీశాను. చివరికి భయం ఆగక కిరాణా సేటు దగ్గరికి వెళ్ళి పిల్లను తూచమన్నాను. ఆయన తక్కెడ పళ్ళెంలో గోనెసంచి మడిచి వేశాడు.

"పల్లీలైతే ఊపి జోకుత అమ్మా, గీమెను ఊపితే ఏడ్పుకు పందిరి లేస్తది," అంటూనే రాళ్ళు పెట్టాడు. పోయిన నెల ఆసుపత్రిలో తూచినప్పటి కంటే ఛటాకు, అంటే గుప్పెడు పల్లీలంత, తక్కువ. ఇంటికి వచ్చి ఏడుస్తుంటే బాపమ్మ అడిగింది. తూకం సంగతి చెప్పాను.

"పసిదాన్ని సింతపండు లెక్క జోకిపిస్తవా? నీకేమన్న పిచ్చా?" అని తిట్టింది. కానీ తిడుతూనే వాకిట్లోకి వెళ్ళి బట్టల తాడు ముందు నిలబడింది. పిల్ల తడిపిన గుడ్డలు ఆరేసే తాడు అది. అప్పటికి దాని మీద అయిదే ఉన్నాయి.

"నేనొచ్చిన కొత్తల తాడు సాలకపోయేది. పిల్ల ఉచ్చ పోస్తలేదు. ఎందుకు పోస్తలేదు? పాలు దొరుకుత లేవు. పాలెందుకు లేవు?" నా వైపు తిరిగింది. "ఏం తింటున్నవు నువ్వు?"

"అందరం తినేదే," అన్నాను.

సాయంత్రం నేను నా సగం రొట్టె చుట్టి ఉట్టికి చెయ్యి చాచేసరికి వెనక బాపమ్మ నిలబడి ఉంది.

"గీ గుడ్డల ఏమున్నది?"

దాచలేకపోయాను. "నువ్వు చేస్తవు గద బాపమ్మా. అందుకే నీకు గింత ఆయుష్షు. నేను సుత... నా బిడ్డ కోసం బతకాలె గద," అన్నాను. మా అమ్మ సంగతీ, ఇరవై నాలుగేళ్ళ సంగతీ అప్పుడే మొదటిసారి నోటి నుంచి బయటికి వచ్చాయి.

బాపమ్మ మొదటిసారి గోడకు ఆనుకుని కూర్చుంది. పాత సంగతి చెప్పింది. ఒక కరువు ఏడాది నూలు లేదు, మగ్గం ఆగింది, మొగుడు అంతకు ముందే పోయాడు. అయిదుగురు పిల్లలు. రోజుకు తలా ఒక రొట్టె దొరికితే గొప్ప. చిన్నవాడు తెల్లారకముందే ఆకలికి లేచి ఏడిచేవాడు. వాడి కోసం ఆమె తన రొట్టెలో సగం దాచేది. ఆ చిన్నవాడే మా మామగారు.

"కరువు పోయింది. పోరడు పెద్దగైండు. సెయ్యి మాత్రం అట్లనే ఇరుస్తది. వాని తర్వాత నీ మొగనికి పెట్టిన. ఆయుష్షు గీయుష్షు నాకెర్కలేదు పిల్లా. అది ఏం లేని దినాల తిండి."

అప్పుడే ఆఫీసు నుంచి వచ్చిన మా ఆయన గుమ్మంలో సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. చిన్నప్పుడు ఊళ్ళో, ఇప్పుడు ఇక్కడ, ప్రతి పొద్దునా ఆ సగం తిన్నవాడు. "నేను మిగిలిందనుకున్న," అన్నాడు మెల్లగా.

"మనింట్ల రొట్టె ఎన్నడన్న మిగిలిందార?" అంది బాపమ్మ. మళ్ళీ నా వైపు చూసింది. "నీ సగం ఎవలకు పెట్టినవు?"

"ఆవుకు."

"ఇగ ఆవుకు సావులేదు తియ్యి."

ఏడుస్తూనే నవ్వాను. ఆమె నవ్వలేదు. లేచి పిండి కలిపి రెండు రొట్టెలు చేసింది. ఒకటి నా ముందు, ఒకటి తన ముందు పెట్టుకుంది. "నువ్వు ఇడిస్తే నేను ఇడుస్త. నువ్వు తింటేనే నేను తింట." నలభై ఏళ్ళకు పైగా సగానికి విరిచిన చెయ్యి ఆ రోజు రొట్టెను చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్క ముక్క కూడా మిగలకుండా తన నోటికే అందించింది. ఉట్టి ఖాళీగా ఊగుతోంది. మరునాడూ అంతే. ఆ తర్వాతా అంతే. వారం తిరక్కుండానే పాలు వచ్చాయి. పిల్ల తాగుతూ తాగుతూనే నిద్రపోసాగింది.

ఒకరోజు ఉప్పు కోసం వెళితే కిరాణా సేటు, "ముసలవ్వకు కడుపునొప్పి తక్కువైందామ్మా?" అని అడిగాడు. నాకు అర్థం కాలేదు. "రోజూ ఇంత వాము తీస్కపోతుంది. రాత్రి రొట్టె అరుగుతలేదంట. ఇంట్ల చెప్పకు అన్నది," అన్నాడు.

ఉప్పు సంగతి మరిచిపోయి ఇంటికి పరుగెత్తాను. బాపమ్మ కాళ్ళు చాచుకుని, పిల్లను వాటి మీద బోర్లా వేసుకుని నూనె రాస్తోంది.

"నొప్పయితే చెప్పొద్దా? నువ్వెందుకు పూర్తిగ తినాలె?"

"నేను తినకుంటే నువ్వు తింటవా? రొట్టెను ఆవుకేసే దొంగవు నువ్వు."

"మరి నొప్పి?"

"కడుపుకు సుత పని నేర్పాలె పిల్లా. ఇన్నేండ్లు లేని పని ఎత్తుకుంటే జర మొండికేసింది. పది దినాలాయె. ఇప్పుడు ఇంటున్నది."

ఎనభై ఏళ్ళ వయసులో తన కడుపుకు కొత్త పని నేర్పిన మనిషి ముందు నేలమీద కూర్చుండిపోయాను. ఆమె నూనె చేతులతో పిల్లను వెల్లకిలా తిప్పి, కాలు పైకెత్తి నాకు చూపించింది.

"గిటు సూడు. తొడలు మడతలు పడ్తున్నయి."

దగ్గరికి వంగి చూశాను. ఒకటి కాదు, రెండు మడతలు.