కుడివైపు సీటులో మా పిన్ని

మొన్న శనివారం పొద్దున అమెరికాలో మా ట్రాయ్ ఊరి తెలుగు చర్చి వాట్సాప్ గ్రూపులో మా పిన్ని ఫోటో పెట్టి, కింద "ప్రభువునందు నిద్రించారు" అని రాశారు. వార్త నాకు అప్పటికే తెలుసు. హాస్పిటల్లో బాబాయి పక్కన నేనే ఉన్నాను. అయినా ఆ మాట చదివితే ఎందుకో చిరాకేసింది. మా పిన్ని పగలు కునుకు తీయగా నేను చూడలేదు. ఆదివారం ఆరాధన అయ్యి, అందరూ బిర్యానీ తిని ఎక్కడివాళ్లక్కడ సోఫాల్లో వాలిపోతే, ఆవిడ ఇంటికొచ్చి గ్యారేజీలో కారు కింద పడుకునేది. నేను చూసిన పడుకోవడం అదొక్కటే.

పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. బందరులో పుట్టి, మిషిగన్‌లో బ్రేకులు పరీక్షించే ఒక కంపెనీలో ఇంజనీరుగా పనిచేసింది. నేను ఉద్యోగానికి ఇక్కడికొచ్చిన కొత్తలో వాళ్ల బేస్‌మెంటులోనే ఉన్నాను. అప్పటికే గ్యారేజీలో ఓ జపాన్ కారు ఉండేది. తొంభైలనాటిది, రెండు తలుపులది, టర్బో ఇంజను, చేత్తో గేర్లు మార్చుకోవాలి. ఇంటికొచ్చిన ప్రతివాడూ దాన్ని చూసి బాబాయి భుజం తట్టేవాడు. బాబాయికి మాన్యువల్ గేర్లు రానే రావు. ఆయన నవ్వుతూ వంటింటివైపు చెయ్యి చూపించేవాడు.

ఆ కారుని పిన్ని సాకినట్టు పసిబిడ్డని కూడా ఎవరూ సాకరు. చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లడం మొదలెట్టారంటే కారు గ్యారేజీ దాటదు. "ఉప్పు ఆవకాయకి మంచిదే, ఇనుముకి కాదు" అనేది. వసంతంలో మొదటి గట్టి వానలు కురిసి రోడ్లు కడుక్కున్నాకే బయటికి తీసేది. మంచు కరిగింది కదా తియ్యొచ్చు కదా అంటే, రోడ్డు మీదికి వంగి వేలితో రాసి, నాలుకకి తగిలించుకుని, "ఇంకా ఉంది" అనేది. ఛీ అనేదాన్ని నేను.

తర్వాత పిన్నికి క్యాన్సర్ వచ్చింది. కుడి రొమ్ము తీసేశారు, కుడి చంకలో గడ్డలు కూడా తీశారు. అప్పట్నుంచి ఆ చెయ్యి వాచిపోయేది. స్టీరింగ్ మీద ఆనించి తిప్పడం వరకూ పర్లేదు, ఇక్కడి కార్లలో కుడిచేతికే వచ్చే గేరు రాడ్డుని ముందుకీ వెనక్కీ నెట్టాలంటే మాత్రం కళ్లల్లో నీళ్లు తిరిగేవి. డాక్టరమ్మ ఆ చేత్తో అలాంటి పని వద్దంది. బాబాయి మెల్లిగా, ఇది అమ్మేసి ఆటోమేటిక్ కొనుక్కుందామన్నాడు.

"ఆటోమేటిక్ నడపటానికి నేనెందుకండీ, మీరు చాలు" అంది పిన్ని. "ఇన్ని నెలలుగా నన్ను మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి కార్లోకి మోస్తూనే ఉన్నారుగా. ఇదొక్కటైనా నా చేతుల్లో ఉండనివ్వండి."

వారం తిరక్కుండా పిన్నే దారి కనిపెట్టింది. మనకి చేతికందేంత దూరంలో ఉన్నా తట్టనిది. జపాన్‌లోనూ మనలాగే కార్లకి స్టీరింగ్ కుడివైపు ఉంటుంది, గేరు ఎడమ చేతికి వస్తుంది. ఉన్నదాన్ని అమ్మేసి, అదే మోడల్, అదే ఇంజను, జపాన్‌లో అమ్మినది తెప్పించుకుంటే సరిపోతుంది. "ఎడమ చెయ్యి బంగారంలా ఉందిగా" అని చెయ్యి ఆడించి చూపించింది.

తెప్పించుకోవడం అంత తేలిక కాదు. పాతికేళ్లు నిండని విదేశీ కారుని ఈ దేశంలో మామూలు మనుషులు రోడ్డెక్కించలేరు. పిన్ని మనసుపడ్డ రంగు, మనసుపడ్డ ఇంజను ఉన్న కారుకి ఆ వయసు నిండటానికి ఇంకా టైముంది. దిగుమతి చేసేవాడొకడు ఫోన్ చేసి, పేపర్ల సంగతి మేం చూసుకుంటాం, ఇప్పుడే పంపిస్తాం అన్నాడు. నేను స్పీకర్లో వింటున్నాను. నాకైతే సరే అనెయ్యాలనిపించింది. క్యాన్సర్ మనిషి దేనికోసమైనా ఎందుకు ఆగాలి?

"దొంగ కార్లో కూర్చుని పోలీసుని చూసినప్పుడల్లా ఉలిక్కిపడటానికా ఇంత అవస్థ?" అని ఫోన్ పెట్టేసింది. నేను ఉండబట్టలేక, "అప్పటికి నీ ఒంట్లో ఎలా ఉంటుందో పిన్నీ" అనేశాను. ఆవిడేం నొచ్చుకోలేదు. "దానికి పాతికేళ్లు నిండాలి, నాకు ఓపిక నిండాలి. ఇద్దరం పనిమీదే ఉన్నాం" అంది.

ఎదురుచూసింది. కీమోలు చేయించుకుంటూ, జుట్టు రాలిపోయి మళ్లీ మొలుస్తూ, ఎదురుచూసింది. కారు ఓడెక్కింది, దిగింది, ట్రక్కు మీద ఇంటికొచ్చింది. లక్షణంగా నంబరు ప్లేటు కూడా వచ్చింది. పిన్ని ప్రార్థన చేసుకుని, కుడివైపు తలుపు తీసి కూర్చుని, నన్ను ఎడమవైపు కూర్చోబెట్టుకుని బయల్దేరింది. మలుపు దగ్గర ఇండికేటర్ వేయబోతే వైపర్లు ఆడాయి. నవ్వుకుంటూ మలుపు తిరిగి, ఎంతో హాయిగా, రోడ్డుకి ఎడమవైపున పోనిచ్చింది. నేను కెవ్వుమనేలోపు ఎదురుగా పోస్టు బండి వచ్చి ఆగింది. ఇక్కడ పోస్టు బండ్లకి కూడా స్టీరింగ్ కుడివైపే. రెండు బండ్లూ ముక్కు ముక్కు ఆనించుకున్నంత దగ్గరగా నిలబడ్డాయి. ఆ పోస్టుమ్యాన్ కిటికీలోంచి తల బయటపెట్టి, "మేడమ్, మీకు కూడా ఈ వీధే ఇచ్చారా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

అమెరికాలో ఇన్నేళ్లు కుడిపక్క నడిపిన మనిషి. కుడివైపు సీట్లో కూర్చునేసరికి, బందరులో తాతయ్య కారు మీద నేర్చుకున్న చేతులు లేచి కూర్చున్నాయి. ఇంకెవరైనా అయితే తాళాలు అక్కడే పడేసేవారు. పిన్ని రివర్స్ చేసుకుని ఇంటికొచ్చి, మంచినీళ్లు తాగి, పాస్టరుగారికి ఫోన్ చేసి, ఆరాధన అయ్యాక చర్చి పార్కింగ్ వాడుకోవచ్చా అని అడిగింది.

ఆ ఎండాకాలం ప్రతి ఆదివారం మాకదే పని. కోక్ టిన్నుల ఖాళీ అట్టపెట్టెలతో నేను రోడ్లూ మలుపులూ కట్టేదాన్ని. పిన్ని వాటిమధ్య తిరిగేది. "మా కోసం మీరు ప్రార్థన చేస్తున్నారా, మీ కోసం మమ్మల్ని చేయమంటారా?" అని పాస్టరుగారు ఆటపట్టించారు. "నాకొద్దులెండి అయ్యగారూ, ఆ పెట్టెలకి చేయండి" అంది. చేతులు పూర్తిగా దారికొచ్చేదాకా వీధిలోకి తీయలేదు.

కారుకి చేయించాల్సిన మార్పుల్లోనూ అంతే. అక్కడ ఎడమపక్క నడుపుతారు కాబట్టి దాని హెడ్‌లైట్ల వెలుతురు ఎడమకి ఎగదన్నేది. ఇక్కడైతే అది ఎదురొచ్చేవాళ్ల కళ్లల్లో కొడుతుంది. ముందు అవి మార్చింది. తర్వాత బ్రేకులు, ఆ తర్వాతే ఇంజను జోలికి వెళ్లింది. "వేగం తర్వాత, ముందు ఆగడం చూసుకోవాలి" అనేది. పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పీకేస్తే ఇంకా గుర్రంలా ఉరుకుతుందని, మిషిగన్‌లో ఎవడూ చెక్ చెయ్యడని నా ఆఫీసు కుర్రాడొకడు సలహా ఇచ్చాడు. "వెనకాల స్ట్రోలర్‌లో ఉన్న పిల్ల చెక్ చేస్తుంది బాబూ, ఊపిరి పీల్చి" అంది పిన్ని.

ఆ కారులోనే రెండేళ్లు, ఉప్పు చల్లే నెలలు తప్పించి, ఆవిడ తన ట్రీట్‌మెంట్లకి తనే వెళ్లొచ్చింది. వెయిటింగ్ రూములో అందర్నీ ఎవరో ఒకరు దింపి వెళ్తుంటే, మా పిన్ని తాళంచెవి ఎడమ చేతి వేలికి తగిలించుకుని నడిచొచ్చేది. ఆ నడక చూస్తే నాకు ఒళ్లు గర్వంతో నిండిపోయేది.

పోయినేడు జబ్బు ఎముకల్లోకి పాకింది. ఇంక నడపలేనని ఆవిడే అంది, ఎవరూ చెప్పక్కర్లేకుండా. ఏడుస్తుందేమోనని నేను చూస్తుంటే, తాళంచెవి నా ముందు పెట్టి, "రేపట్నుంచి నువ్వు నేర్చుకో అమ్మడూ. నేను పక్కనుంటాను" అంది. వద్దన్నాను. నాకు భయం, పైగా ఆవిడ సీట్లో కూర్చోవాలంటే మనసొప్పలేదు. "నీ మనసుకి తర్వాత సర్దిచెప్పుకో. ముందు క్లచ్ తొక్కు" అంది. మళ్లీ అదే చర్చి పార్కింగ్, అవే అట్టపెట్టెలు. ఈసారి తొక్కి నలిపింది నేను.

ఇప్పుడు అందరూ కారుని ఏం చేస్తారని అడుగుతున్నారు. ఏం చెయ్యం. నేను నడుపుతాను. చలికాలం లోపల పెడతాను, బ్రేకులు నేనే చూసుకుంటాను, దాన్లోంచి ఎవడు ఏం పీకమన్నా పీకను. పిన్ని లేదని రాయడానికి చెయ్యి రావట్లేదు కానీ, ఈ మాటలు మాత్రం గట్టిగానే రాస్తున్నాను.

ఆఖరిసారి బయటికెళ్లింది అక్టోబర్లో. ఆకులు ఎర్రబడ్డాయి చూస్తానంది. బాబాయి ఎత్తుకుని ఎడమవైపు సీట్లో కూర్చోబెట్టాడు. ఒంటి నిండా శాలువా, ముందు స్టీరింగ్ లేదు, కాళ్ల కింద పెడళ్లు లేవు. కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకుని నేను మెల్లిగా పోనిచ్చాను. రెండో గేరుకి మార్చాలని క్లచ్ మీదికి ఎడమ కాలు తీసుకెళ్తూ ఎందుకో అటు చూశాను. శాలువా కింద ఆవిడ ఎడమ కాలు అప్పటికే ఖాళీ మ్యాట్‌ని తొక్కి పట్టుకుని, నా కోసం ఆగి ఉంది.