టోపీ లేని రంపపు బండి

పోయిన నెల మా బావతో కలిసి ఒక నిశ్చితార్థానికి భోకర్ వెళ్ళినప్పుడు, బస్టాండు పక్క హోటల్ ముందు ఒక రంపపు బండి ఆగి ఉంది. డీజిల్ ఇంజను, దానికి బెల్టుతో తగిలించిన గుండ్రటి రంపం, కింద రెండు చక్రాలు. ఊరూరా తిరిగి కట్టెలు కోసిపెట్టే ఇలాంటి బండ్లను నా వయసువాళ్ళు చూసే ఉంటారు. ఈ బండికి మాత్రం రంపం మీద కప్పే రేకును మడతబందులతో బిగించారు. కావాలంటే ఎత్తుకోవచ్చు, వదిలేస్తే దానంతటదే మూసుకుంటుంది. మా బావ చాయ్ పక్కన పెట్టి వెళ్ళి, కుడిచేతికి మిగిలిన మూడు వేళ్ళతో ఆ రేకును ఎత్తి దించి, మళ్ళీ ఒకసారి ఎత్తి చూసి, "మంచిగ చేసిండు" అన్నాడు. నిజంగానే మెచ్చుకున్నాడు, ఎత్తిపొడుపేమీ లేదు. నేను మాత్రం తల వంచుకుని చాయ్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

బావ అంటే నా చెల్లెలి భర్త. వడ్రంగం ఆయన వృత్తి, దర్వాజాల మీద చిలకలు, లతలు చెక్కడంలో నాందేడ్‌లో ఆయనకు మంచి పేరుండేది. నాది గేట్లు, కిటికీ గ్రిల్లులు చేసే చిన్న వెల్డింగ్ దుకాణం. ఇరవై ఏళ్ళ పైమాట, పొలంలో పడిపోయిన చెట్టును బండి మీద వేసుకుని కోత మిషన్ దాకా రైతు మోసుకొచ్చే బదులు, మిషన్నే చెట్టు దగ్గరికి తోలుకుపోతే ఏమవుతుందని ఆయనకు తోచింది. ఆ ఆలోచన నాదేనని తర్వాత చాలామందికి చెప్పుకున్నాను, అయితే నా తప్పుల్లో అది చిన్నది.

కాగితం మీద గీతలు గీయడం మా ఇద్దరికీ రాదు. అందుకని దుకాణం నేల మీద చాక్‌పీసుతో బండి ఎంతుంటుందో అంతా గీసుకున్నాం. వారం రోజులపాటు గేట్ల కోసం వచ్చినవాళ్ళు ఆ గీతలు తొక్కకుండా గోడవారగా నడిచి నన్ను తిట్టుకుంటూ పోయేవారు. తుక్కులో దొరికిన జీపు ఇరుసు, ఎండిపోయిన బావి దగ్గర పనిలేకుండా పడి ఉన్న ఇంజను, కొత్త ఇనుప యాంగిళ్ళు తెచ్చుకున్నాం. నాకు మొదటినుంచీ తొందరెక్కువ. ఫ్రేము ఒక పక్కంతా ఒకే దమ్ములో వెల్డింగ్ చేసేస్తే, ఆ వేడికి ఇనుము లాగేసి ఫ్రేమంతా మెలి తిరిగింది. బావ మూలనుంచి మూలకు దారం పట్టి చూసి, "బావా, నీ బండి నిలబడ్డ కాడనే నమస్కారం పెడుతున్నది" అన్నాడు. మొత్తం కోసేసి, ముందు నాలుగు మూలలా వెల్డింగ్ చుక్కలు పెట్టి, ఇక్కడ కొంచెం అక్కడ కొంచెం అతుకుతూ మళ్ళీ కట్టాం. ఆ రోజులంత సంతోషంగా నేను ఎప్పుడూ పనిచేయలేదని ఇప్పటికీ అనిపిస్తుంది. చివరగా రంపం మీదికి మందపాటి రేకుతో కప్పు చేయమని ఆయనే పట్టుబట్టాడు. నాలుగు బోల్టులతో బిగించాను. దాన్ని మేము టోపీ అనేవాళ్ళం.

దసరా ముందురోజును మా వైపు ఖండే నవమి అంటారు. ఆ రోజు పనిముట్లన్నీ కడిగి పూజలో పెడతాం, దసరా పొద్దున పూజ ఎత్తేదాకా ఒక్కటీ ముట్టుకోం. రంపానికి కుంకుమ పెట్టాలి గనుక టోపీ విప్పాను, విప్పిన పానా కూడా పూజలోకే పోయింది. అక్కడిదాకా తప్పేమీ లేదు. కానీ మర్నాడు పానా చేతికొచ్చాక కూడా నేను టోపీ బిగించలేదు. కుంకుమబొట్లతో మెరిసే ఆ పళ్ళను చూడటానికి గల్లీ అంతా వచ్చి నిలబడింది, ఇదంతా నువ్వే చేశావా అని అడిగారు. ఆ మెప్పు మీద రేకు కప్పడానికి నాకు చేతులు రాలేదు. బావ రోజూ పొద్దున గుర్తుచేసేవాడు, లావు మొద్దులకు అడ్డమొస్తుందని నేను రోజూ ఒక సాకు చెప్పేవాణ్ణి. అయిదో రోజు కుండల్‌వాడిలో తుమ్మ మొద్దు ముడి దగ్గర ఎగిరిపడింది. బావ చేయి రంపం మీదికి పోయింది. చూపుడువేలు, దాని పక్కవేలు పోయాయి.

జీపులో నాందేడ్ ఆసుపత్రికి తెచ్చాను. చెల్లెలు పరిగెత్తుకొచ్చి ఎట్లయిందన్నా అని నన్నే అడిగింది. టోపీ తీయొద్దని నేను ఎంత చెప్పినా బావ వినలేదని, తనే విప్పి కోశాడని చెప్పాను. ఆ మాట నా నోట్లోంచి ఏ తడబాటూ లేకుండా వచ్చింది. మంచం మీద బావ మెలకువగానే ఉన్నాడు, నా వైపు ఒకసారి చూసి కళ్ళు మూసుకున్నాడు. మర్నాడు నేను చేసిన పని ఇంకా సిగ్గుచేటు. టోపీ బిగించి, ఎవరూ విప్పకుండా బోల్టుల తలలు వెల్డింగ్ చేసేశాను. నా ముందుజాగ్రత్తను నలుగురూ మెచ్చుకుంటే విని ఊరుకున్నాను.

బావ ఇక చెక్కడం పని చేయలేకపోయాడు, కట్టెల డిపోలో కాపలాకు కుదిరాడు. చెల్లెలికి ఆ బాధంతా కోపమై బయటికొచ్చేది. చొక్కా గుండీ పెట్టుకోలేకపోయినా, పళ్ళెం జారినా, అన్న మాట వింటే ఈ గతి పట్టునా అని ఆయన్ను తిట్టేది. దీపావళి తర్వాత అన్నను పిలిచి భోజనం పెట్టే రోజున, నాకు హారతిచ్చి, నా ముందే తిట్టేది. నేను తలెత్తకుండా బూరెలు తినేవాణ్ణి. ఇన్నేళ్ళలో ఒక్క ఏడూ పోవడం మానలేదు.

భోకర్ నుంచి వచ్చిన ఆదివారం వాళ్ళింటికి పోయాను. చెల్లెలు మెంతికూర తుంచుతోంది. డొంకతిరుగుడు లేకుండా ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆమె నా మొహం చూడలేదు. చేతిలో కూర వదిలేసి బావ వైపు తిరిగింది.

"ఇన్నేండ్ల సంది నేను తిడుతుంటె ఎందుకు పడ్డవ్? ఒక్క మాట చెప్తె అయిపోతుండె గద."

బావ మెల్లగా, "తల్లిగారింట్ల నీకున్నది గాయన ఒక్కడే గద" అన్నాడు.

చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను కూర్చోలేక, బయటికి పోలేక, గడప దగ్గర ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు.

ఇప్పుడు ఊళ్ళల్లో అందరి చేతుల్లోనూ బ్యాటరీ రంపాలే, వాటి జాగ్రత్తలన్నీ కంపెనీవాళ్ళే పెట్టి పంపుతున్నారు. నేల మీద చాక్‌పీసుతో బండి గీసుకునేవాళ్ళు ఎవరున్నారు? మా దుకాణం కూడా మూతపడింది. చెల్లెలి ఇంటికి పోతే మునుపటిలాగే పీట వేస్తుంది, అన్నం పెడుతుంది. ఒక్కటే మారింది. బావ చేతిలోంచి గ్లాసు జారినా ఆమె ఏమీ అనదు, లేచి తుడుస్తుంది. ఆ తిట్లన్నీ నాకు రావలసినవని ఇప్పుడు ఆమెకు తెలుసు. వాటిలో ఒక్కటైనా నన్ను తిడుతుందేమోనని చూస్తూ నేను అన్నం కలుపుకుంటాను, ఆమె మాత్రం ఇంకొంచెం పప్పు వేయనా అన్నా అని అడుగుతుంది.