అవ్వ ఒక్కపొద్దు, షుగరు గోలి

అవ్వకు, మా అమ్మకు, ఏదో అయిందని నాకు మొదట తెలిసింది ఆమె దండకడియం చూసి. పెండ్లినాడు జబ్బకు ఎక్కించిన వెండి కడియం అది. ఎన్నడూ కదిలేది కాదు. ఆ రోజు నేను పుట్టింటికి పోయేసరికి అవ్వ అరుగు మీద రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతోంది. చెయ్యి దించగానే కడియం మోచేతి దాకా జారింది. పైకి నెట్టుకుని మళ్లీ రాట్నం తిప్పింది. మళ్లీ జారింది.

"అవ్వా, గింత బక్కగైనవేందే?"

"ముసలిదాన్నయితున్న గదా బిడ్డా. ఇంక లావయితనా?"

లోపలి నుంచి వదిన అందుకుంది. "తినుడు తక్కువేం లేదు లచ్చవ్వా. ఇద్దరి గట్క ఒక్కతే తింటది. కుండల నీళ్లు నిలువనిస్తలేదు. రాత్రంత తలుపు సప్పుడే. దొంగలు పడ్డా మాకు తెల్వది, అత్తనే అనుకుంటం."

అవ్వ కూడా నవ్వింది. నవ్వితే బుగ్గల్లో గుంటలు పడ్డాయి. అవి ఇంతకు ముందు లేవు.

మాది హుస్నాబాద్ దగ్గరి ఊరు, నేతపని చేసే ఇల్లు. బాపు నా చిన్నప్పుడే పోయాడు. అవ్వ కండెలు చుట్టి అన్నను, నన్ను పెంచింది. మగ్గాలు పోయి సాంచాలు, అంటే మరమగ్గాలు, అప్పుడప్పుడే వస్తున్నాయి. అన్న ఆ సాంచాల మీద పనికి పోయేవాడు. నన్ను అదే ఊళ్లో, రెండు వాడల అవతల ఇచ్చారు. అందుకే ఇదంతా నా కళ్ల ముందే జరిగింది.

ఊళ్లో మందులిచ్చే ఆయన బలానికి టానిక్ రాసిచ్చాడు. తియ్యగా ఉందని అవ్వ ఇష్టంగా తాగింది. తాగినకొద్దీ ఇంకా చిక్కింది. రవికలు భుజాల మీద నిలవలేదు. క్షయ అని వాడలో గుసగుసలు మొదలయ్యాక అన్న ఆమెను కరీంనగర్ తీసుకుపోయాడు. నేనూ పోయాను.

యూరిన్ టెస్ట్, బ్లడ్ టెస్ట్ చేశారు. డాక్టరు కాగితం చూసి, "డయాబెటిస్. షుగరంటరు. తిన్నది ఒంటికి పట్టకుండ మూత్రంల పోతున్నది, అందుకే వెయిట్ తగ్గింది," అన్నాడు. తీపి మానాలి, అన్నం తగ్గించాలి, రోజూ పొద్దున టిఫిన్‌కు ముందు ఒక టాబ్లెట్ వేసుకోవాలి. టిఫిన్ అనే మాటను మేం పట్టించుకోలేదు. మా ఇండ్లల్లో టిఫిన్ ఎక్కడిది? పొద్దెక్కినాక ఇంత గట్క, జొన్నరవ్వ సంకటి, తినడమే.

అవ్వ మాట వినే మనిషి. చాయలో చక్కెర మానింది. పండుగనాడు రొట్టెలో బెల్లం కలిపి మలీద ముద్దలు చేసి అందరికీ పంచి తను వేళ్లు కడుక్కుంది. గోలి ఒక్కనాడు కూడా మర్చిపోలేదు. దాహం తగ్గింది. రాత్రి తలుపు చప్పుడు తగ్గింది. వదిన నిద్రపోయింది.

కానీ మంగళవారం ఉంది. అన్నకు చిన్నప్పుడు అమ్మవారు పోసి బతుకుతాడో లేదో అన్నట్టయింది. పిల్లగాడు లేస్తే బతికినన్నాళ్లు మంగళవారం ఒక్కపొద్దు ఉంటానని అవ్వ పోచమ్మకు మొక్కుకుంది. అన్న లేచాడు. ఆనాటి నుంచి మంగళవారం పొద్దుగూకి దీపం పెట్టేదాకా అవ్వ నోట్లో మెతుకు పడలేదు.

"మరి గోలి?" అని నేనడిగాను.

"గోలి మందు గదనే, తిండి గాదు. నీళ్లతోని మింగితే ఒక్కపొద్దెట్ల పోతది?"

నాకూ అది సరిగ్గానే తోచింది.

కొన్ని వారాలు గడిచాయి. ఒక మంగళవారం మధ్యాహ్నం వదిన పరుగున వచ్చి నన్ను పిలుచుకుపోయింది. అవ్వ అరుగు మీద ఊగుతోంది. చేతులు వణుకుతున్నాయి, రవిక చెమటతో తడిసిపోయింది. కండ్లు ఎక్కడో చూస్తున్నాయి. నేను ముట్టుకుంటే, "ఎవ్వతివే నువ్వు?" అని గద్దించింది. నన్ను కన్న తల్లి.

పక్కింటి ఎల్లవ్వ రెండు చేతులూ జోడించింది. "పోచమ్మ తల్లి వచ్చిందే! పసుపు నీళ్లు తెండ్రి, యాపకొమ్మ తెండ్రి!"

పసుపు నీళ్లతో అవ్వ కాళ్లు కడిగారు. బెల్లం కలిపిన నీళ్లు అమ్మవారికి సాకగా పోశారు, సగం నోట్లో, సగం నేల మీద. కాసేపటికి వణుకు ఆగింది. అవ్వ అందరి మొహాలూ చూసి, "ఏమైందే? గిట్ల నిలబడ్డరేంది?" అంది.

అమ్మ సాక తాగి శాంతించిందని అందరం నమ్మాం. అది మొదలు కొన్ని మంగళవారాలు అట్లాగే అయింది. ఎల్లవ్వ తన బర్రె తప్పిపోయిందని అడిగితే ఊగుతూ ఊగుతూ, "నీళ్లు... నీళ్లు..." అంది అవ్వ. బర్రె చెరువు కాడ దొరికింది. ఇక చూడాలి, పక్క వాడల నుంచి కూడా ఆడవాళ్లు రావడం.

వదిన మాత్రం, "అమ్మవారు వచ్చినా పోయినా కండెలైతే చుట్టాలె అత్తా, షావుకారి దగ్గర మొక్కులు నడువయ్," అనేది. కానీ మంగళవారం ఆమే ముందు చెంబు పట్టుకుని నిలబడేది.

అవ్వ ముండమోసిన మనిషి. పెండ్లి పందిట్లో వెనక నిలబడేది, బొట్టు పెట్టే చోటికి పోయేది కాదు. బాపు పోయినప్పటి నుంచి ఆమెకు ఎవరూ పసుపు రాయలేదు. ఇప్పుడు ముత్తైదువలు వంగి ఆమె కాళ్లకు పసుపు రాస్తున్నారు. బుధవారం పొద్దున కూడా అవ్వ ఆ పసుపు కడుక్కునేది కాదు. ఊగినప్పటి సంగతులు నాతో మళ్లీ మళ్లీ చెప్పించుకుని వినేది. "నిజంగనే అన్ననా? అట్లనే అన్ననా?" అని చిన్నపిల్లలా అడిగేది.

తర్వాత ఒక మంగళవారం అవ్వ ఊగలేదు, మాట్లాడలేదు. గోడకు ఒరిగి కూర్చుంది. అమ్మ మౌనం పట్టిందని ఆడవాళ్లు చుట్టూ కూర్చుని ఎదురుచూశారు. నేను పోయి చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. సాక పోస్తే పెదవుల పక్క నుంచి కారిపోయింది. ఇంతలో కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. పళ్లు బిగుసుకున్నాయి. సాంచాల కాడి నుంచి అన్న ఉరికొచ్చాడు. ఎవరిదో జీపు దొరికింది. కరీంనగర్ దాకా అవ్వ తల నా ఒడిలో ఉంది. ఎన్నిసార్లు పిలిచినా పలకలేదు.

ఆసుపత్రిలో గ్లూకోజ్ ఎక్కించారు. డాక్టరు అడిగాడు, "పొద్దున ఏం తిన్నది?"

"ఏం తినలే సారూ. ఇయ్యాల ఒక్కపొద్దు," అన్నాడు అన్న.

"టాబ్లెట్ వేసుకున్నదా?"

"అది తప్పది సారూ," అంది వదిన, మెచ్చుకుంటాడేమో అన్నట్టు.

డాక్టరు మా వైపు తిరిగాడు. "ఆ గోలి రక్తంల షుగర్‌ను దించుతది. తినకపోతే ఉన్నదాన్ని కూడ దించుతది. ఇది లో షుగర్. వణుకు పుడతది, చెమటలు పడతయి, మాట తప్పుతది, మనిషిని గుర్తుపట్టరు. ఇంతకు ముందు ఎప్పుడన్న గిట్లయిందా?"

నేనే అన్నాను. "అయింది సారూ. అమ్మవారనుకున్నం. బెల్లం నీళ్లు పోస్తే తగ్గుతుండె."

ఆయన నవ్వలేదు. "ఆ బెల్లమే ఇన్నాళ్లు బతికించింది," అన్నాడు.

పొద్దుగూకేసరికి అవ్వ కండ్లు తెరిచి నన్ను పేరు పెట్టి పిలిచింది. అక్కడే గోడ పట్టుకుని ఏడ్చాను. ఆ గోలి బలం తొందరగా పోదని ఇంకో రెండు రోజులు అక్కడే ఉంచారు. డాక్టరు మా అందరికీ చెప్పిందే అవ్వకు కూడా విడమరిచి చెప్పాడు. అవ్వ అంతా విన్నది. తర్వాత అడిగింది.

"అయితే సారూ, నా మీదికొచ్చింది అమ్మ గాదా?"

డాక్టరు ఆమె నాడి పట్టుకుని చూశాడు.

"మరి ఎల్లవ్వ బర్రె దొరికె గదా?"

"బర్రె సంగతి నాకు తెల్వదమ్మా. అమ్మవారి సంగతి అంతకన్న తెల్వది. షుగర్ సంగతి తెలుసు. గోలి వేసుకున్ననాడు తినకుండ ఉండకు."

బర్రె మాటకు వదిన కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అవ్వ గోడ వైపు తిరిగి పడుకుంది.

ఇంటికొచ్చాక అంతా సర్దుకుంటుందనుకున్నాం. అవ్వ ఒక్కపొద్దు మానలేదు. మంగళవారం గోలి మానింది. అది చాలదన్నట్టు సోమవారం, బుధవారం కూడా మానింది. ఎవరికీ చెప్పలేదు. దాహం తిరిగొచ్చింది, ఒళ్లు మళ్లీ కరిగింది. కాలికి తగిలిన చిన్న రాయి దెబ్బ పుండై నల్లబడింది. కరీంనగర్‌లో ఒక వేలు తీసేశారు. "షుగర్ కంట్రోల్‌ల లేకపోతే రేపు పాదం," అన్నాడు డాక్టరు.

తర్వాతి మంగళవారం పొద్దున అన్న పనికి పోలేదు. జొన్న గట్క గిన్నె పట్టుకుని అవ్వ ముందు కూర్చున్నాడు.

"అవ్వా, నా పానం కోసమే గదా మొక్కినవు? చూడు, పిల్లల తండ్రినైన. అమ్మకు నీ మొక్కు ముట్టింది. ఇంక నా కోసం తిను."

"నీకేమన్నయితే?"

"నువ్వు పోతే నాకేం కాదా?"

అవ్వ నోరు తెరిచింది. ఆ ముద్ద మింగడానికి ఎంతసేపు పట్టిందో! కండ్ల నీళ్లు గిన్నెలో పడుతున్నా అన్న పెడుతూనే ఉన్నాడు. ఆ వారమంతా ఆమె చూపు అన్న మీదే ఉంది. దగ్గితే ఉలిక్కిపడేది.

అన్నకు ఏమీ కాలేదు. అవ్వ గోలికి తిండి, తిండికి గోలి అన్నట్టు బతికింది. పూటకింత గట్క, కూర ఎక్కువ, అన్నం తక్కువ, సాయంత్రం కుంటుకుంటూ వాడ చివరి దాకా నడక. ఒంటికి కండ పట్టింది. టెస్టులు బాగున్నాయని డాక్టరు మెచ్చుకున్నాడు. కానీ మాట తగ్గింది. మంగళవారాలు రాట్నం ముందు కూర్చుని దారం తెగినా చూసుకునేది కాదు.

బోనాలనాడు ఎల్లవ్వ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు పసుపు గిన్నెతో వచ్చారు. అవ్వ కాళ్లు చీర కిందికి ముడుచుకుంది.

"నా మీదికి ఎవ్వరొస్తలేరు ఎల్లవ్వా. నాకు షుగరు," అంది.

వాళ్లు పసుపు గిన్నెతోనే పోచమ్మ గుడి వైపు పోయారు. అవ్వ డప్పుల చప్పుడు వినపడకుండా తలుపు దగ్గరికి వేయమంది.

ఆ తర్వాత ఆమె చాలా ఏండ్లు బతికింది. చివరికి గుండె ఆగి చనిపోయింది. ఆనాడు ఆమె ప్రాణం దక్కిందని డాక్టరుకు ఇప్పటికీ మొక్కుతాను. ఆ తలుపు గుర్తొస్తే మాత్రం అన్నం సహించదు.

ఇప్పుడు నాకూ షుగరుంది. గోలి వేసుకుంటాను, వేళకు తింటాను, ఏ మొక్కుకూ పస్తుండను. చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. షుగరు గోలి వేసుకునే మనిషి మీ ఇంట్లో వణికినా, చెమట పట్టినా, మిమ్మల్ని గుర్తుపట్టకపోయినా ముందు చక్కెరో బెల్లమో తినిపించండి. మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకుపోండి. మొక్కేది తర్వాత మొక్కండి. వచ్చింది అమ్మవారే అయితే కాసేపు ఆగుతుంది. షుగరు ఆగదు.