తమ్ముడి ఆఫీసరు

మా తమ్ముడు పోయాడు. నెల కావస్తోంది. కబురు తెలియక "మీ తమ్ముడికెలా ఉంది?" అని అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఒక్కొక్కరికీ నోటితో చెప్పే ఓపిక నాకు లేదు, అందుకే ఇది రాస్తున్నాను. వాడికి ముప్పై రెండేళ్ళు.

కెనడాలో, గ్వెల్ఫ్ యూనివర్సిటీలో చరిత్రలో పీహెచ్‌డీ చేస్తున్నాడు. పరిశోధనంతా ఒకే మనిషి మీద. ఒట్టొమన్ తురుష్కుల సైన్యంలో ఓ కుర్ర ఆఫీసరు. ఆయనకి ఐదు భాషలు వచ్చట. యుద్ధానికి బయల్దేరేటప్పుడు తోటివాళ్ళు కంచరగాడిదల మీద దుప్పట్లూ తిండిగింజలూ ఎక్కిస్తే, ఆయన నిఘంటువులు ఎక్కించాడట. గుడారంలో కూర్చుని కొండపల్లెల పాటలు రాసుకునేవాడట. మొదటి ప్రపంచ యుద్ధంలో, ఒక చలికాలం, టైఫస్ జ్వరంతో మిలిటరీ ఆసుపత్రిలో పోయాడు. నిండా ముప్పై అయిదేళ్ళు లేవు.

తమ్ముడి నోట మాత్రం ఆయన ఎప్పుడూ పోలేదు. ఆదివారం ఆ పక్క ఊరు కేంబ్రిడ్జ్‌లో మా ఇంటికి భోజనానికొచ్చి, "మావాడికి ప్రమోషన్ వచ్చిందక్కా," "మావాడు పైఅధికారితో గొడవపడ్డాడక్కా" అని చుట్టాల కబుర్లు చెప్పినట్టు చెప్పేవాడు. అమ్మ పప్పు వడ్డిస్తూ, "మీవాడికో పెళ్ళి చెయ్యరాదూ, పుస్తకాల పిచ్చి తగ్గుతుంది" అనేది. ఎవర్ని అంటోందో అందరికీ తెలుసు. వాడు తలొంచుకుని తినేవాడు.

జబ్బు బయటపడకముందు ఓసారి గుళ్ళో అర్చనకి మా అందరి పేర్లూ చెప్పి, చివర ఆ ఆఫీసరు పేరు కూడా చెప్పాడు. పంతులుగారు ఆగి "గోత్రం?" అన్నారు.

"తెలియదండీ. తెలియనివాళ్ళకి కాశ్యప గోత్రం అంటారుగా, అదే కానివ్వండి."

ఆయన నిక్షేపంగా ఆ తురుష్కుడికి దీర్ఘాయుష్షు కోరుతూ మంత్రం చదివేశారు. బయటికొచ్చాక తిట్టాను. "పోయినవాళ్ళ పేరున అర్చనేంట్రా? చదువెక్కువై మతి పోయిందా నీకు?"

"చివరి చాప్టర్ రాయాలక్కా. మావాణ్ణి చంపడానికి చెయ్యి రావట్లేదు. అందాకా బతకనీ."

తర్వాత వాడికే లుకేమియా అన్నారు. చాప్టర్ అలాగే ఉండిపోయింది. గైడ్ మేడమ్ మంచావిడ, ఎక్స్‌టెన్షన్ మీద ఎక్స్‌టెన్షన్ ఇప్పించింది. నాకు మాత్రం ఒకటే పట్టుదల, వాడి పేరు ముందు డాక్టర్ అని పడాలి. ఆసుపత్రి మంచం పక్కన లాప్‌టాప్ పెట్టుకుని, "నువ్వు చెప్పు, నేను టైప్ చేస్తా" అన్నాను. ఓపికున్న రోజుల్లో చెప్పాడు. మంచు, పేలు, మందుల్లేని వార్డు, దిండు కింద పుస్తకం. అన్నీ చెప్పి చివరికి, "ఆ సాయంత్రం జ్వరం తగ్గింది. ఆయన టీ అడిగాడు" అని కళ్ళు మూసుకున్నాడు.

"తర్వాత?"

"అక్కడ ఆపెయ్యక్కా. జ్వరం తగ్గితే పక్కనున్నవాళ్ళు కాసేపు సంతోషపడతారు కదా. ఆ కాసేపు ఉండనీ."

మొన్న మేడమ్ ఫోన్ చేసింది. మనిషి లేకపోయినా యూనివర్సిటీ డిగ్రీ ఇస్తుందట. ఆఫీసరు మరణం గురించి ఒక్క వాక్యం చేర్చమంటారా అని అడిగింది. వద్దన్నాను. ఎందుకు వద్దో ఆవిడకి చెప్పలేకపోయాను, ఏడుపొచ్చేసింది. మీకు చెబుతాను.

ఆఖరిరోజు సాయంత్రం మా తమ్ముడికీ జ్వరం తగ్గింది. ఎన్నాళ్ళకో నోరు తెరిచి, చారన్నం తింటానన్నాడు. అమ్మ నన్ను పరుగులు పెట్టించి ఇంటికి తీసుకొచ్చింది. ఆసుపత్రి నుంచి ఫోన్ రావడానికి ఇంకా కాసేపుంది. కోటైనా విప్పకుండా స్టవ్ ముందు నిలబడి, చింతపండు పిసుకుతూ కూనిరాగం తీస్తోంది. మధ్యలో ఆపి నావైపు తిరిగి, "వాడి నోరంతా పొక్కి ఉంది కదే, మిరియాలు కాస్త తగ్గించి వెయ్యనా?" అని అడిగింది.